చిట్టీ లేని చీర

మా అత్తమ్మ తన చివరి ప్రయాణానికని దాచుకున్న చీరను నేను కత్తిరించి సంచులు కుట్టాను. తెలిసి చేయలేదు. తెలియక చేశానని గట్టిగా చెప్పుకుందామన్నా నోరు రాదు. ఏ చీర కోయవచ్చో, ఏది కోయకూడదో తెలుసుకోవడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నేను ఆ పద్ధతి ప్రకారమే చేశాను. అంత పద్ధతిగా ఇంత తప్పు ఎలా చేశానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

హన్మకొండలో మాది కిరాణా దుకాణం. దుకాణం వాళ్ల ఇంటికి పిలుపులు ఎక్కువ. పెళ్లికి పోతే ఒక చీర పెడతారు, గృహప్రవేశానికి పోతే ఒక చీర పెడతారు. ఆ చీరలను ఎవరూ కట్టుకోరు. కట్టుకోవడానికని కొన్నవి కావు అవి, పెట్టడానికని కొన్నవి. మనకు పెట్టినవాటిని మనం ఇంకొకరికి పెడతాం, వాళ్లు మరొకరికి పెడతారు. చచ్చినా జరగకూడనిది ఒక్కటే, పెట్టినవాళ్ల చీర తిరిగి వాళ్లకే పెట్టడం. అందుకని అత్తమ్మ వచ్చిన ప్రతి చీరకూ గుండుసూదితో ఒక కాగితం చిట్టీ గుచ్చుతుంది. దాని మీద తన నాలుగో తరగతి అక్షరాలతో రాస్తుంది. 'హసన్‌పర్తి వదిన'. 'ములుగు వియ్యపురాలు'. 'పాలాయన కోడలు'. మా బీరువా తెరిస్తే చుట్టాలంతా మడతలు పెట్టుకుని కూర్చున్నట్టే ఉంటుంది.

పోయినేడు నాకు కుట్టు పిచ్చి పట్టింది. ఫోన్‌లో వీడియోలు చూసి పాత బట్టలతో పర్సులు, చేతిసంచులు కుట్టడం నేర్చుకున్నాను. శ్రావణంలో వరలక్ష్మి వ్రతానికి వచ్చే ముత్తైదువలకు ఈసారి జాకెట్ ముక్కకు బదులు నేను కుట్టిన సంచి ఇవ్వాలని ముచ్చటపడ్డాను. ఆ జాకెట్ ముక్కలు కూడా చీరల్లాగే ఇల్లిల్లూ తిరిగేవే కదా, సంచి అయితే వాడుకుంటారు.

అత్తమ్మను అడిగాను. "బీరువాల చీరలు ఊకనే పడి ఉన్నయి కద అత్తమ్మా, సంచులు కుట్టనా?"

"కుట్టుకో బిడ్డా. గని చిట్టీ సూసి కొయ్యి. పెట్టినోళ్లే పేరంటానికొచ్చి, వాళ్ల చీర సంచైందని సూస్తే మొకం ఏడ వెట్టుకుంటం?"

మాట సబబుగానే ఉంది. చిట్టీ ఉన్న ప్రతి చీరకూ ఒక మనిషి ఉంది, ఆ మనిషి మా ఇంటికి వస్తుంది. కాబట్టి చిట్టీ లేని చీర కోసం వెతికాను. కింది అరలో ఎడమ వైపు, ప్లాస్టిక్ కవరులో ఒకే ఒక్కటి దొరికింది. వంకాయ రంగు పట్టు, సన్నటి పసుపు అంచు. పేరు లేదు కనుక ఎవరిదీ కాదనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయి కత్తెర పెట్టాను. పదకొండు సంచులు వచ్చాయి. వ్రతం నాడు పసుపు, కుంకుమ, శనగలతో పదకొండు మందికీ వాయనంగా ఇచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. అత్తమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆమె మెచ్చుకునే రకం కాదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

మర్నాడు రాఖీ పున్నం. పొద్దున్నే అత్తమ్మ నన్ను పిలిచింది.

"కింది అరల వంకాయరంగు చీర ఉంటది. జర తీస్కరా బిడ్డా. నాకు మోకాళ్లు వంగుతలేవు."

అది నేను కోసిన చీరే. అయినా ఆశ చావక అడిగాను, "ఎవ్వల చిట్టీ ఉంటది అత్తమ్మా?"

"దానికి చిట్టీ ఎందుకే? నా తమ్ముడు పెట్టింది. ఎవ్వలకు పెట్టేది కాదది. నేను పోయిన్నాడు నా మీద కప్పేది."

మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటి వాళ్లు చీర తెచ్చి కప్పాలి. అత్తమ్మకు పుట్టిల్లంటే ఆ తమ్ముడొక్కడే. భార్య ముందే పోయింది, పిల్లలు లేరు. మూడేళ్ల కిందట రాఖీ కట్టించుకుని ఈ చీర పెట్టాడు, ఆ కార్తీకంలోనే పోయాడు. ఇంకెవరు తెస్తారు? అప్పటి నుంచి ప్రతి రాఖీకి అత్తమ్మ తలుపు దగ్గరికి వేసుకుని బీరువా ముందు కూర్చునేది. చీరలు లెక్క చూసుకుంటోందేమో అనుకునేదాన్ని.

"ఇస్త్రీకి ఇచ్చిన అత్తమ్మా" అన్నాను. నోటికొచ్చింది అదే.

"కట్టని చీరకు ఇస్త్రీ ఏందే?" అంది. అంతే, ఇంకేమీ అడగలేదు. నమ్మిందా? నమ్మకపోతే ఎందుకు తిట్టలేదు? నాకు తిట్టే అత్తమ్మ తెలుసు. ఉప్పు తక్కువైతే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఊరుకునే అత్తమ్మతో ఎలా మాట్లాడాలో తెలియదు.

సంచులన్నీ తెచ్చి, విప్పి, అతుకు వేస్తే చీర అవుతుందా? కాదని చిన్నపిల్లకు కూడా తెలుసు. అయినా బయలుదేరాను. మా ఆయన నోరు తెరిచాడు. "ఇచ్చిన వాయనం అడుక్కొస్తవా? మతి ఉన్నదా నీకు?" మతి ఉందో లేదో నాకే అనుమానంగా ఉంది.

పక్కింటి అక్క తన బీపీ గోలీలన్నీ సంచిలోంచి మంచం మీదికి కుమ్మరించింది. "బంగారం గిట్ల మర్చిపోయినవా దీంట్ల? ఒట్టు, నాకు శనగలే దొరికినయి" అని దేవుడి పటం వైపు చెయ్యి చాపింది. కాదక్కా అని ఎంత చెప్పినా నమ్మలేదు. హసన్‌పర్తి వదిన ఇచ్చేసింది కానీ, మొహం ముడుచుకుని, "నాకు ఇయ్యాల్సింది కాదనుకుంట" అంది. ఆమె బాధపడ్డదని నాకు తెలుస్తూనే ఉంది. నిజం చెబితే అత్తమ్మ చావు గురించి మాట్లాడాలి, చెప్పకపోతే ఈమెను అవమానించినట్టు. సంచి తీసుకుని బస్సెక్కాను. సాయంత్రానికి నాలుగు సంచులు పోగయ్యాయి. మిగతా ఏడిళ్లకు పోయే ధైర్యం లేకపోయింది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ ముందు గదిలో మంచం మీద కూర్చుని ఉంది. దాచడానికి చోటు లేదు. నాలుగు సంచులూ ఆమె పక్కన పెట్టి, కింద కూర్చుని ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, భయంతో ఏడ్చాను.

"పేరంటం నాడే సూసిన" అంది అత్తమ్మ.

"మరి ఇయ్యాల ఎందుకడిగినవ్ అత్తమ్మా?"

"నా కండ్లు సరిగ కనవడ్తలేవు కద. అది కాదేమో అనుకున్న."

తర్వాత ఒక సంచి చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో బట్టను రుద్దింది, అంచును రుద్దింది, మళ్లీ బట్టను రుద్దింది.

"ఇంత మెత్తగున్నదా?" అంది. "మడత చెడ్తదని కవర్లకెల్లి ఎన్నడు తియ్యలే. వాడు బతికుండంగ ఒక్కపారన్న కట్టుకుంటే సూసేటోడు. సూడాలెననే తెచ్చిండాయె."

నేను ఆమె కోపం కోసం చూస్తున్నాను. వస్తే కాళ్ల మీద పడదామని సిద్ధంగా ఉన్నాను. అది రాలేదు. మూడు సంచులు నా వైపు తోసింది.

"వీటిని రేపు ఎవ్వలవి వాళ్లకు ఇచ్చిరా. వాయనం వాపస్ తీస్కుంటరా ఎవ్వలన్న? ఆ పక్కింటామెకు ఇంకోటి కుట్టియ్యి, ఆమెది నేనుంచుకుంట. నాకైతే ఒక్కటన్న ఇయ్యకపోతివి."

పదకొండు మందికి ఇచ్చినదాన్ని, ఇంట్లో ఉన్న మనిషికి ఇవ్వాలని తోచనేలేదు. వాయనం ముత్తైదువలకే కదా అని మనసులో అనుకున్నాను, అనుకున్నందుకు ఇంకా సిగ్గుపడ్డాను. మామయ్య పోయి పదేళ్లు.

"నేను పోయిన్నాడు దీన్ని నా బొడ్ల చెక్కుండ్రి" అంది అత్తమ్మ, కూరగాయలు తెమ్మన్నంత మామూలుగా. "పుట్టింటి బట్ట ఇంతున్నా సాలు."

అలాంటప్పుడు ఏమనాలి? సరే అంటే ఆమె చావుకు ఒప్పుకున్నట్టు. అవేం మాటలు అత్తమ్మా అంటే, మిగిలిన ఆ జానెడు బట్టను కూడా కాదన్నట్టు. సంచి ఆమె చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. మూతి దగ్గర ఇత్తడి జిప్పు కొంచెం పట్టేస్తోంది.

"జిప్పు మంచిది వేసిస్త అత్తమ్మా" అన్నాను.

"జిప్పెందుకే" అంది. "దారం వెయ్యి. జిప్పు కాలది."

నేను అక్కడే కూర్చుని, గుండుసూదితో జిప్పు కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను.