చప్పట్ల పరీక్ష

రిటైర్మెంటుకు నాలుగేళ్ళ ముందు, జూన్ నెలలో, నన్ను ఏటూరునాగారం నుంచి వరంగల్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రికి బదిలీ చేశారు. హెడ్ నర్సు హోదా, బాలింతల వార్డు. అక్కడ నా పని ఏమిటో ముందు చెప్తాను, లేకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు. నువ్వు నేను చెప్పినట్టే రాయి. మనవరాలివి కదా అని మధ్యలో నన్ను మంచిదాన్ని చేయకు.

పుట్టిన బిడ్డను ఇంటికి పంపే ముందు తల నుంచి పాదం దాకా ఒకసారి పూర్తిగా చూడాలి. రూలు ప్రకారం అది పిల్లల డాక్టరు పని. ఆయనకు మూడు వార్డులు ఉండేవి కాబట్టి నేను చూసి ఫారం నింపేదాన్ని, ఆయన నిలబడే సంతకం పెట్టి వెళ్ళేవాడు. బిడ్డను బట్టలన్నీ విప్పి, వెలుతురున్న కిటికీ దగ్గర పడుకోబెడతాం. మాడు మీద వేలు ఆనించి, ఉబ్బిందా, గుంట పడిందా అని చూస్తాం. చిటికెన వేలు నోట్లో పెడితే అంగిట్లో చీలిక ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది, చప్పరించే బలం కూడా తెలుస్తుంది. తొడలు మడిచి పక్కకు తెరిచి తుంటి కీలు చూస్తాం. బోర్లా పట్టుకుని వెన్ను పొడుగునా వేలు నడిపిస్తాం.

ఆ తర్వాత బిడ్డ స్పందనలు చూడాలి. బుగ్గ మీద వేలు రాస్తే అటు తిరిగి నోరు తెరవాలి. తలను అరచేతిలో పట్టుకుని కొంచెం వదిలినట్టు చేస్తే రెండు చేతులూ చాచి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకోవాలి. కొత్త నర్సులు అది చేయడానికి భయపడేవాళ్ళు. నాకు భయం లేదు. ఏటూరునాగారంలో చేతులు తప్ప మాకు మిషన్లు ఎక్కడివి? నా చేతుల మీద నాకు చాలా నమ్మకం. ఆ నమ్మకం సంగతే ఇదంతా.

ఫారంలో చివరి గడి, శబ్దానికి స్పందన. ఉంది, లేదు, రెండే మాటలు. దాని కోసం ఆసుపత్రిలో ఒక చిన్న మిషను ఉండేది. బిడ్డ నిద్రపోతుండగా చెవిలో సన్నని గొట్టం పెడితే, చెవి పనిచేస్తున్నదీ లేనిదీ అదే చెప్తుంది. దాన్ని నడపడం నేర్చుకున్న అమ్మాయికి బదిలీ అయ్యింది. మిషను ఆఫీసు బీరువాలోకి పోయింది. తాళంచెవి కోసం నేను ఒక్కసారి అడిగాను. సూపరింటెండెంటు గారు నా మీద అరవలేదు, నెమ్మదిగానే చెప్పారు. "గడి ఖాళీగా ఉంటే పైనుంచి నాకు ఫోనొస్తది సిస్టర్. ఉంది అని రాస్తే ఎవరికీ రాదు."

అందుకని మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. బిడ్డ మొహానికి జానెడు దూరంలో గట్టిగా ఒక చప్పట. బిడ్డ కళ్ళు మూసుకుంటే, ఉంది.

ఆ వానాకాలంలో రజిత అనే అమ్మాయి మా వార్డులో మగబిడ్డను కన్నది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. కాజీపేటలో రైలు పట్టాల పక్క బస్తీలో కాపురం. భర్త శ్రీను ఇంజన్ల షెడ్డులో కాంట్రాక్టు పని. బిడ్డ బరువు బాగుంది, రంగు బాగుంది. చప్పట కొట్టాను, కళ్ళు మూశాడు. ఉంది అని రాసి పంపించాను.

ఆరు వారాలకు టీకా కోసం అత్త కొమురమ్మతో కలిసి వచ్చింది. టీకాలు మా వార్డు వరండాలోనే వేసేవాళ్ళం. లైన్లో ముందుకొచ్చి, బిడ్డను నా బల్ల మీద పెట్టింది.

"సిస్టర్, జర వీని చెవులు సూడుండ్రి. బండి కూతేసినా ఉలిక్కి పడ్తలేడు."

కొమురమ్మ నవ్వింది. "మా ఇంట్ల ఎవలు ఉలిక్కి పడ్తరే? పట్టాల పొంటి పుట్టినోడు కూత కూతకు లేస్తె, ఇగ పండేదెప్పుడు?"

లైన్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ బస్తీ పిల్లలు రైలు చప్పుడుకు లేవరన్న సంగతి నిజమే. అక్కడి తల్లులు చాలామంది గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

"బండి ఒక్కటే కాదు అత్తమ్మా," అన్నది రజిత. "గిన్నె కిందపడ్డా గంతే. నేను ముంగటికి పోతెనే సూస్తాండు, ఎనుక నుంచి పిలిస్తె లేదు."

నేను బిడ్డ మొహం ముందు చప్పట కొట్టాను. కళ్ళు టక్కున మూసుకున్నాడు. "చూసినవా?" అన్నాను.

"గాలి తాకిందేమో సిస్టర్. ఒక్కపారి ఎనుక నుంచి కొట్టుండ్రి."

లైన్లో నవ్వులు ఆగిపోయాయి. నాకు ఒళ్ళు మండింది. "ముప్పై ఏండ్ల సంది పిల్లల్ని చూస్తున్న. నువ్వెంతమందిని చూసినవ్ బిడ్డా?" అన్నాను.

"మా కోడలు పెద్ద డాక్టరమ్మ," అన్నది కొమురమ్మ. "ఇంట్ల గూడ నాతోని గిదే లొల్లి."

రజిత తల దించుకుంది. బిడ్డ టీకా కార్డు మీద, వినికిడి సరిగానే ఉంది అని రాసి, కింద నా సంతకం పెట్టి ఇచ్చాను. ఇంకెందుకు ఫికర్, పో అన్నాను. మిషనున్న ఆఫీసు బీరువా అదే వరండా చివర ఉంది. లేవడానికి మనసు రాలేదు. అంతే. పని ఒత్తిడి అని చెప్పుకోవచ్చు, కానీ ఆ రోజు లైన్లో పది మంది కూడా లేరు.

మూడేళ్ళ తర్వాత, నా సర్వీసు ఆఖరి ఏడాదిలో, రజిత మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట భర్త. ఇద్దరి మధ్య పిల్లవాడు. హైదరాబాదులో పెద్ద డాక్టర్లు చూసి, వీడికి పుట్టుకతోనే వినబడదు అన్నారట. ఇప్పుడైనా వైద్యం చేస్తారట, కానీ మాట పట్టుబడే మొదటి సంవత్సరాలు పోయాయి, ఎంతవరకు వస్తుందో చెప్పలేం అన్నారట. చంటిపిల్లవాడిగా ఉన్నప్పుడే ఎందుకు తీసుకురాలేదని కూడా అడిగారట.

ఇంట్లో గొడవ ఆ ప్రశ్నతోనే మొదలైంది. కోడలు తనతో ఎన్నడూ ఈ మాట అనలేదని కొమురమ్మ కొడుకుతో చెప్పింది. కన్నతల్లికి తెలియకుండా ఉంటుందా, తెలిసే దాచిపెట్టావా అని శ్రీను భార్యను అడుగుతున్నాడు. టీకా రోజు అతను షెడ్డులో డ్యూటీలో ఉన్నాడు, కార్డు మీద నా రాత చూశాక రజిత ఆ అనుమానం అతని దాకా తీసుకుపోలేదట. ఆనాడు లైన్లో ఉన్నవాళ్ళెవరో ఎవరికీ తెలియదు; కొమురమ్మ కాక, రజిత అడిగిందనడానికి సాక్షిని నేనే.

రజిత నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మీరొక్కసారి ఆయనకు చెప్పుండ్రి సిస్టర్. ఆ రోజు నేను అడిగిన్నా, లేదా? నాకింకేం వద్దు," అన్నది.

వాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టి సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళాను. ఆయన పాత ఫారం తెప్పించి చూశారు. "దీన్ల ఏమున్నది? ఉంది అని ఉన్నది. తల్లి అడిగినట్టు ఎక్కడన్న ఉన్నదా? మరి మీరెందుకు నోరు తెరుస్తరు? కొద్ది నెలల్ల ఇంటికి పోతున్నరు, మర్యాదగ పోండ్రి."

బయటికి వచ్చి, శ్రీను మొహం చూడకుండా చెప్పాను. "ఎంతోమంది వస్తరు బాబూ. నాకు గుర్తు లేదు."

"విన్నవా?" అన్నాడు శ్రీను భార్యతో.

రజిత ఏడవలేదు. పిల్లవాణ్ణి నా బల్ల ముందు నిలబెట్టి, వెనక్కి నాలుగడుగులు వేసి, గట్టిగా చప్పట్లు కొట్టింది. వార్డులో బాలింతలు కూడా తలలు తిప్పి చూశారు. పిల్లవాడు నా బల్ల మీద పెన్నుతో ఆడుకుంటున్నాడు. తర్వాత ముందుకు వచ్చి, ఏ చప్పుడూ లేకుండా అరచెయ్యి వాడి మొహం ముందు విసిరింది. వాడు కళ్ళు మూసుకున్నాడు.

"గిదే కద సిస్టర్, మీ పరీక్ష," అన్నది.

శ్రీను భార్యను నమ్మాడో లేదో నాకు తెలియదు. పిల్లవాణ్ణి ఎత్తుకుని, "పా, పోదాం" అన్నాడు. రజిత సంచిలోంచి టీకా కార్డు తీసి, నా సంతకం పైకి కనబడేటట్టు బల్ల మీద పెట్టి వెళ్ళింది.

మిగిలిన నెలల్లో ఆ గడిలో నేను ఉంది అని రాయలేదు, లేదు అనీ రాయలేదు. పరీక్షించలేదు అని రాశాను. తల్లులు ఏమైనా చెప్తే ఫారం అంచున వాళ్ళ మాటల్లోనే రాశాను. ఫారాలు పాడు చేస్తున్నానని మెమో ఇచ్చారు. నేను దిగిపోయాక గడులు మళ్ళీ నిండాయని విన్నాను. మిషను మాత్రం పైఅధికారులు తనిఖీకి వచ్చిన రోజు బల్ల మీదికి వచ్చి, సాయంత్రానికి బీరువాలోకి పోయేదట.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు తెలుసుకోవాల్సింది కొంచెమే. మొహం ముందు చప్పట కొడితే పరీక్ష అయ్యేది చెవికి కాదు, కంటికి, చర్మానికి. వెనక నుంచి కొట్టి చూసినా అది అనుమానానికే పనికొస్తుంది, బిడ్డకు వినబడుతుందని రాయడానికి సరిపోదు. మిషను పెట్టకపోతే, పెట్టలేదు అని రాయాలి. బిడ్డను మనం రెండు నిమిషాలు చూస్తాం, తల్లి రోజంతా చూస్తుంది. ఆమె చెప్పింది రాసుకోవడానికి ఫారంలో గడి లేదు, కాబట్టి అంచున రాయాలి.

రజిత అడిగింది నాకు గుర్తుంది. ఆ రోజు ఆమె ఏ మాట తర్వాత ఏ మాట అన్నదో కూడా గుర్తుంది. అది కూడా రాయి.