అక్కకంటే ముందు నెరిసిన చెల్లె

కాలేజీలో పాఠం చెబుతూ చెవుల వెనక గోక్కోవడం చాలా కాలంగా నా బోధనాపద్ధతిలో భాగమైపోయింది. దవాఖానలో చూపిస్తే, తలకు రంగు వేయడం మానేయమన్నారు. మానేశాను. ఇందులో అంతకుమించి ఏమీ లేదు. కానీ కారణం ఇంత చిన్నదైతే జనం నమ్మరు.

మొదట అనుమానించింది మా ఆయన. “ఇప్పుడు నేను గూడ బంద్ చెయ్యాల్నా?” అని అడిగారు, మీసాలు తడుముకుంటూ. అక్కర్లేదన్నాను. అప్పటినుంచి నల్లగొండ బజారులో నాకు కాస్త దూరంగా నడుస్తున్నారు. ఎండ వల్లనట.

కట్టంగూర్‌లో ఉండే మా అక్క అనుమానం ఇంకా లోతైనది. ఆమె నాకంటే నాలుగేళ్లు పెద్ద. అమ్మ పోయాక మా పుట్టింటికి ఆడవాళ్లలో పెద్దది తనే. పుట్టింటివాళ్లు మా కొంగులో పసుపు కలిపిన ఒడిబియ్యం పోసే ప్రతిసారీ పీట మీద ముందు కూర్చునేది ఆమే. ఆ వరస విషయంలో ఆమె ఏనాడూ రాజీపడలేదు. వయసు దగ్గర మాత్రం కొంత సర్దుబాటు ఉండేది. యాభై దాటినట్టు ఇంతవరకూ ఎక్కడా ఒప్పుకోలేదు.

తమ్ముడు చౌటుప్పల్‌లో ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచిన వారమే ఆమె వీడియో కాల్ చేసింది.

“ఏందే గది? తలకు సున్నం కొట్టుకున్నవా?”

“రంగు బంద్ చేసిన అక్కా. దురద పెడ్తాంది.”

“ఇన్నేండ్లు పెట్టని దురద ఇప్పుడే పెడ్తాందా? యాదగిరిగుట్ట నర్సింహసామికి ఏమన్న మొక్కినవా?”

“తలనీలాలు మొక్కుతరు గని, నెరిసిన తల మొక్కుతరా?”

ఆమె నవ్వలేదు. “తమ్ముని ఇంట్ల ఒడిబియ్యం ఉన్నయని తెల్సి గిప్పుడే ఎందుకు బంద్ చేసినవ్? నీ మనసుల ఏందో ఉన్నది.”

నా మనసులో ఏమీ లేదు. లేదని ఎలా చూపించాలో తెలియలేదు.

గృహప్రవేశం నాడు పూజ అయ్యాక హాల్లో పీట వేశారు. తమ్ముడు వంటవాళ్ల దగ్గర ఉన్నాడు. ఆడవాళ్ల పనంతా అతని వియ్యపురాలు, మహబూబ్‌నగర్ ఆవిడ, మీదేసుకుంది. తమ్ముడి కొడుకు పెళ్లిలో ఆవిడ నన్ను నల్లజుట్టుతోనే చూసింది. ఇప్పుడు గుర్తుపట్టక నా చేయి పట్టుకుని, చదునైన నేల మీద “పైలం, పైలం” అంటూ నడిపించి, పీట మీద కూర్చోబెట్టింది.

“పెద్దొదినె, మొదలు మీకే పోస్తం. మీ చెల్లెకు తర్వాత” అంటూ అక్కను చూపించింది.

బియ్యం పళ్లెంతో వచ్చిన మరదలు గడప దగ్గరే ఆగిపోయింది. అక్క నా వైపు చూసింది. నా మనసులో ఉన్నదేమిటో ఆమెకు ఇప్పుడు రూఢి అయింది. గబుక్కున లేవబోయాను. కొంగు పీట కింద చిక్కుకుని మళ్లీ కూర్చోబెట్టింది. చూసేవాళ్లకు అది పట్టుదలలాగే కనిపించి ఉంటుంది.

“ఆగుండ్రి” అంది అక్క. “పెద్దదాన్ని నేను. నాకు అరవై రెండు. దీనికి యాభై ఎనిమిదే. కావాల్నంటే తమ్ముణ్ని అడుగుండ్రి.”

అంతమందిలో ఆమె నోట ఆ అంకె రావడం నేనెప్పుడూ వినలేదు. వంటల దగ్గర్నుంచి తమ్ముడు తొంగిచూసి, తల ఊపి, వెంటనే మాయమయ్యాడు.

“అరవై రెండా?” అంది వియ్యపురాలు. “నేను నమ్మ, వదినె. ఏం తింటవో జర మాకు గూడ చెప్పు.”

“మా బిడ్డ లెక్కనే కనబడ్తాంది” అంది ఇంకొకావిడ.

తర్వాత అందరూ నావైపు తిరిగారు. “గీమె చిన్నదా?” అని గొంతు తగ్గించి అడిగింది వియ్యపురాలు. “పాపం, షుగర్ గిట్ల ఉన్నదా?”

నేను కొంగు విడిపించుకుని లేచాను. అక్క కూర్చుంది. తొలి బియ్యం ఆమెకే పడ్డాయి. అన్నేళ్లు దాచిన వయసు బయటపడ్డ బాధ ఆ ముఖంలో వెతికాను. దొరకలేదు. నా వంతు వచ్చినప్పుడు వియ్యపురాలు నా ఒడిలో ఒక కొబ్బరి కుడుక ఎక్కువ వేసింది. బలానికి కాబోలు.

తిరుగు ప్రయాణంలో కారు వెనక సీట్లో అక్క బియ్యం మూట ఒడిలో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

“చెల్లె, తెల్లజుట్టు నీకు మంచిగున్నది. ఎవ్వలేమన్నా ఇగ రంగు జోలికి పోకు.”

“మొన్న గట్ల మాట్లాడితివి కదా?”

“మొన్న ఫోన్ల సక్కగ కనబడలే. వచ్చే నెల మా ఆడిబిడ్డ ఇంట్ల పెండ్లున్నది. నువ్వు రావాలె. ఫొటోలల్ల నా పక్కకే నిలబడాలె.”

ప్రేమే కావచ్చు. వస్తానన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగినప్పుడు చెవి వెనక రంగు మరక కనిపించింది, తాజాది. చెప్పలేదు.