శాంతవ్వ దస్తీని ఎవరు తీస్తారో చూస్తా

నిన్న పొద్దున శాంతవ్వ కోడలు ఫోన్ చేసి "అత్తమ్మ లేదు అవ్వా" అంది.

"ఏ బస్టాండుకు పోయింది?" అన్నాను.

అవతల ఏడుపు వినపడేదాకా నాకు ఎక్కలేదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు చర్చి వాట్సాప్ గ్రూపులో టైప్ చేస్తోంది. "జెర మెత్తగ చెప్పు అత్తమ్మా, అందరు చదువుతరు" అంటోంది.

చదవాలనే కదా చెబుతున్నా. ఉన్నది ఉన్నట్టు పెట్టమన్నాను.

మా కోరుట్ల చర్చికి కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదేమో, వినండి.

శాంతవ్వ బీడీలు చేసేది. కార్ఖానా నుంచి బీడీ ఆకు రాని రోజు బస్టాండులో కూర్చునేది. ఒంటరిగా కనిపించిన మనిషి పక్కన చేరి, "ఆదివారం మా చర్చికి రా. నీకు జాగ ఆపుత" అనేది.

ఆదివారం చాప మీద తన పక్కన దస్తీ పరిచేది. బస్సు కిటికీలోంచి సీటు మీద దస్తీ వేస్తాం చూడండి, అచ్చం అట్లాగే. ప్రార్థన అయిపోయేదాకా అక్కడ ఇంకెవరినీ కూర్చోనిచ్చేది కాదు.

నన్నూ అట్లాగే పిలిచింది.

మా ఆయన పోయాక కొడుకును మా అమ్మ దగ్గర ఉంచి, సిరిసిల్ల వదిలి, బీడీల పని దొరుకుతుందని ఒక్కదాన్నే వచ్చి కోరుట్లలో దిగాను. మూట పక్కన పెట్టుకుని కూర్చుంటే ఈమె వచ్చింది.

తిట్టాను.

"నా దేవుడు నాకున్నడు. నీ పని నువ్వు చూస్కో."

"ఉండనియ్యి అక్కా. దస్తీ అయితే ఏస్త."

కోపం లేదు. నా మూట ఎత్తి నా నెత్తిన పెట్టి, బీడీ కార్ఖానాకు దారి చూపించి పోయింది.

వానలు పోయి చలి వచ్చింది. ఒక ఆదివారం ఆ అద్దె గదిలో ఉండబుద్ధి కాక వెళ్లాను. చర్చి నిండా జనం. గోడలకు ఒదిగి నిలబడ్డారు. నడుమ ఖాళీ దస్తీ ఒకటి. ఒకామె దాని మీద లొల్లి పెడుతోంది.

"ఎవలకోసమే గిది?"

"ఒకామె వస్తది."

"పేరేంది?"

"అడగలే."

శాంతవ్వ నన్ను చూసింది. దస్తీ దులిపింది. "గింత ఆలస్యమా అక్కా" అంది.

అంతే. కూర్చున్నాను.

ఇంకోసారి జగిత్యాల బస్టాండులో సంచితో నిలబడ్డ ఒకాయనను పిలిచింది. ఆదివారం ఆయన నిజంగానే వచ్చి దస్తీ మీద కూర్చున్నాడు. మా పాస్టరు "అతిథి దైవజనుడు వాక్యం చెబుతారు" అనగానే లేవబోయాడు. శాంతవ్వ చొక్కా పట్టి గుంజింది.

"కూసో కొడుకా. అందరు చూస్తున్నరు, మధ్యల లేవద్దు!"

చర్చి అంతా నవ్వు. ఆ అతిథి ఆయనే.

"నన్ను ప్రసంగానికి చానమంది పిలిచిండ్రు గని, వచ్చి కూసోమని పిలిచింది గీ అవ్వనే" అన్నాడాయన.

ఇక నిన్నటి మాట. మట్టి వేసి చేతులు కూడా కడుక్కోలేదు, మా సంఘపెద్ద అన్నాడు:

"ఇగ దస్తీ ముచ్చట బంద్ చేద్దాం రాజవ్వా. పిలిస్తే వచ్చినోళ్లల్ల మిగిలింది ఎందరు? ఉత్త జాగ దండుగ. ఆడ కుర్చీలు ఏస్కుందాం."

పెద్దయ్యా, అక్కడ ఆమె సమాధి ముందర బాగుండదని ఊరుకున్నా. ఇక్కడ చెబుతున్నా.

ఒక్క ఆదివారం వచ్చి మళ్లీ కనిపించనివాళ్లు ఉన్నారు. నాలాగా తిట్టినవాళ్లు ఉన్నారు. అసలు రానివాళ్లే ఎక్కువ. అయితే ఏంది? రమ్మనడం ఆమె పని. రావడం వాళ్ల ఇష్టం. ఎవరి చెయ్యీ పట్టి లాగలేదు, ఎవరి దేవుణ్ణీ తూలనాడలేదు.

ఫ్యాన్ కింద కూర్చుని బయటివాళ్ల కోసం ప్రార్థన మనమందరం చేస్తాం. బస్టాండులో తెలియని మనిషి పక్కన కూర్చుని "రా" అన్నది మనలో ఎవరు? చెయ్యెత్తండి.

ఆ దస్తీని పెట్టెలో ఆమెతో పంపుతామన్నారు. నేను లాక్కున్నాను. నా కొంగులో ఉంది.

శనివారం బస్టాండుకు నేను పోతా. మోకాళ్లు ఏడిస్తే ఏడవనీ. ఆదివారం నా పక్కన దస్తీ పరుస్తా. పక్కన నేను కూర్చుని ఉంటా. తీసేవాళ్లు రండి.

శాంతవ్వా, నా చెల్లే, పైన నీకు జాగ ఆపే ఉంటారు. నెమ్మదిగా కూర్చో.

ఇక్కడ నీ పని నేను చూస్కుంట.