పడుగు దాటిన జమ్ములమ్మ

గద్వాల నేతవాడలో జమ్ములమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. పెనిమిటి నారాయణకు మాత్రం ఆ బాధ లేదు. చెవులు పోయి చాలా ఏళ్లయింది. గుంటమగ్గంలో కాళ్లు దించి కూర్చున్నాడంటే ఆయనకిక లోకంతో పనిలేదు.

నల్లమల దిక్కున భూమి కదిలిందని కబురొచ్చాక, వనపర్తి నుంచి ఒక సేవాసంఘం తరఫున సంధ్య అనే పిల్ల వాడకు వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి చూసింది. నారాయణ నెత్తికి సరిగ్గా పైన అటక, అటక మీద జమ్ములమ్మ అత్తగారి రాగి కాగు.

“అవ్వా, భూమి ఊగితే గిది తాత నెత్తిన పడ్తది. జర దింపనియ్యి.”

“నేను కాపురానికి రాకముందు సంది ఆడనే ఉంది. ఎన్నడన్న దుమికిందా? నీ జీతం కోసం నా కాగు దింపుతవా?”

“జీతం లేదవ్వా, ఊరికెనే వస్తున్న.”

“ఊరికె తిరిగేటోళ్లకే ఊరోళ్ల కాగుల మీద కన్ను!”

తిడుతూనే దింపనిచ్చింది.

తరువాత, భూమి ఊగితే బయటికి ఉరికే అభ్యాసం. ఈల ఊదగానే వాడంతా వీధిలోకి వచ్చింది. నారాయణ మగ్గంలో అటూ ఇటూ నాడె విసురుతూ నేస్తూనే ఉన్నాడు. గడపలో నిలబడి జమ్ములమ్మ చేతులూపింది, ఆయన తలెత్తలేదు. ఇద్దరి నడుమ మగ్గానికి కట్టి గది పొడుగునా పరిచిన పడుగు పోగులు. గోడ వెంట నూలు బుట్టలు జరుపుకుంటూ ఆమె ఆయన్ను చేరేసరికి జనం నవ్వడమూ, ఇళ్లలోకి పోవడమూ అయిపోయింది.

సంధ్య నవ్వలేదు. “గట్ల సుట్టు తిరిగితే తాత అందడవ్వా. పడుగు దాటి పో.”

“దాటుడా! బువ్వ పెట్టే తల్లిని కాళ్ల కింద ఏస్తనా? మా అత్త పిల్లిని గూడ దాటనియ్యకపోయేది.”

“మరి తాతను ఎవరు తెస్తరు?”

 ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చున్నా జమ్ములమ్మకు అదే ప్రశ్న.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం. అరుగు మీద జమ్ములమ్మ నూలు కండెలు చుడుతుంటే రాట్నం తనంతట తానే వణికింది. లోపల గిన్నెలు గలగలమన్నాయి. ఈల ఊదేవాళ్లు లేకున్నా వాడంతా నేర్చుకున్నట్టే బయటికి వచ్చింది. జమ్ములమ్మ లోపలికి పోయింది.

అటక నుంచి మన్ను రాలుతోంది. కదిలేది మగ్గమే అనుకున్న నారాయణ, తొక్కుడు చెక్కలు విరిగాయేమోనని గుంటలోకి వంగి వెతుకుతున్నాడు.

జమ్ములమ్మ పడుగు మీద కాలు పెట్టింది. పోగులు పటపటా తెగాయి. ఆయన రెక్క పట్టి బయటికి గుంజుతుండగానే అటక పలక ఒకటి జారి ఆయన భుజం గీరుకుంటూ పడింది. ఉత్త పలక. దాని మీద కాగు లేదు.

వీధిలోకి వచ్చాక నారాయణ ఆమె కాళ్లకు చుట్టుకున్న పోగులు చూశాడు.

“ఏమే, పడుగు తొక్కినవా?”

ఆమె ఆయన నెత్తిమీది మన్ను కొంగుతో దులిపింది.

సాయంత్రం పరుగెత్తుకొచ్చిన సంధ్యతో అంది: “ఇంకొకపారి నేను పడుగు దాట. మగ్గం గుంట ఇగ వాకిలి పక్కన్నే తవ్వాలె, చెయ్యి చాపితే ఆయన అందాలె. ఊరికె తిరుగుతుంటివి గద, నీ సంగం పిల్లలను పారలు పట్టుకొని రమ్మను.”