గాజుపెట్టెలో గ్లవ్

నా చిన్నప్పుడు మా అమ్మ కోపంతో గొంతు పెంచడం ఒక్కసారి కూడా చూడలేదు. ఆ గుణం నాకు రాలేదు. అరవై దాటాయి, మనవలున్నారు, అయినా ఆ గ్లవ్ గుర్తొస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అమెరికాలో ఉండేవాళ్ళం. హెర్న్‌డన్‌లో తెలుగు కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. మాకు చర్చి అంటే ఆదివారం ఎవరో ఒకరి హాల్లో కూర్చుని పాటలు పాడుకోవడమే. బడి నుంచి వచ్చాక, అమ్మ ఆసుపత్రి డ్యూటీ దిగేదాకా పక్కింటి మామ్మగారు నన్ను చూసుకునేది. ఆవిడ నల్లజాతి మనిషి. నల్లవాళ్ళను పెద్ద లీగుల గుమ్మం తొక్కనివ్వని రోజుల్లో ఆవిడ నాన్న నల్లవాళ్ళ జట్టులో జీతానికి బేస్‌బాల్ ఆడాడు. ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు. మిగిలిందల్లా బంతి పట్టడానికి ఆయన తొడుక్కున్న తోలు గ్లవ్, దాని పట్టీ మీద సిరాతో రాసుకున్న పేరు. నాన్న గుర్తొచ్చినప్పుడు అందులో తన చేయి పెట్టుకుని కూర్చునేది.

మా చర్చిలో ఒక అంకుల్‌కి పాతకాలం ఆటగాళ్ళ బ్యాట్లు, బంతులు, కార్డులు పోగేసే పిచ్చి ఉండేది. ఆయన దగ్గర ఈ గ్లవ్ సంగతి వాగింది నేనే. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని ఆవిడ తలుపు తట్టాడు. పక్కన నేనున్నానని ఆవిడ లోపలికి రానిచ్చింది. గ్లవ్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, తోలు బూజు పట్టింది, బాగుచేసి పంపిస్తానని ఇంగ్లీష్‌లో చెప్పాడు. అదే నవ్వుతో నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు:

“ఈవిడకి దీని వాల్యూ తెలీదే. ఇంక ఇది నాదే. నువ్వు నోరు మూసుకుని ఉండు, ఐస్‌క్రీమ్ కొనిపెడతా.”

ఏదో మంచిమాట అనుకుని ఆవిడ కూడా నవ్వింది. జాగ్రత్తగా తీసుకొస్తావు కదూ అని నన్నే అడిగింది. తలూపాను. దారిలో ఐస్‌క్రీమ్ తిన్నాను.

నెల తర్వాత ఆయన ఫోన్ చేసి, మందు రాస్తే తోలు పొడిపొడి అయిపోయిందని, పారేశానని చెప్పాడు. ఆ సాయంత్రం ఆవిడ ఎప్పటిలాగే నాకు తినడానికి పెట్టి, ఖాళీ చేయి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను పళ్ళెం అలాగే వదిలేశాను. ఇంటికెళ్ళి ఏడ్చి అంతా అమ్మకు చెప్పేశాను.

ఆ ఆదివారం ప్రార్థన అంకుల్ ఇంట్లోనే. అమ్మ మామ్మగారిని కూడా కార్లో ఎక్కించుకుంది. హాల్లో గాజుపెట్టె, పైన చిన్న లైటు, లోపల ఆ గ్లవ్. ఆవిడ దాని ముందు అలాగే నిలబడిపోయింది. అమ్మ లేచి, మన అతిథికి తెలుగు రాదు కాబట్టి ఈవేళ అందరం ఇంగ్లీష్‌లోనే మాట్లాడదామంది. తర్వాత నన్ను పిలిచి, ఆ రోజు అంకుల్ తెలుగులో ఏమన్నాడో ఇంగ్లీష్‌లో చెప్పమంది. ఐస్‌క్రీమ్‌తో సహా, మాట పొల్లు పోకుండా చెప్పాను.

“చిన్నపిల్ల, దానికేం తెలుసమ్మా!” అన్నాడు ఆయన తెలుగులో.

ఇంగ్లీష్‌లో చెప్పండి బ్రదర్, అంది అమ్మ ఇంగ్లీష్‌లోనే. హాల్లో అందరూ ఆయన వైపే చూశారు. ఆయన గాజుపెట్టె తాళం తీశాడు.

ఆవిడ గ్లవ్‌లో చేయి పెట్టుకుంది. ఆయన ముఖం కూడా చూడకుండా నా వైపు తిరిగింది.

“నీకు ఆ రోజే తెలుసా, బంగారం?”

తెలుసన్నాను. ఆవిడ తల పంకించి, మెల్లగా వెళ్ళి కార్లో కూర్చుంది.

ఆ అంకుల్ పోయి చాలా ఏళ్ళయింది. ఆయన మీద కోపం ఇంకా పోలేదు. అంతకంటే ఎక్కువ కోపం నా మీద నాకే. ఇప్పటికీ ఏ షాపులోనైనా మనవాళ్ళు కౌంటర్ వెనక మనిషిని చూస్తూ తెలుగులో ఏదైనా అంటే, వెంటనే అదే మాట ఆ మనిషికి ఇంగ్లీష్‌లో గట్టిగా చెప్పేస్తాను. మా అమ్మాయి సిగ్గుతో తల దించుకుంటుంది. దించుకోనీ. ఆవిడ అడిగిన ఆ ప్రశ్న నన్ను ఇంకెవరూ అడగకూడదు.