రంజాన్ నాటి ముద్దలు

రెండు వేల ఐదు ప్రాంతంలో, సౌదీలో అల్ ఖర్జ్ నుంచి రియాద్ వెళ్లే బస్సులో నా పక్కన కడప వైపు మనిషి కూర్చున్నాడు. పాల ఫారంలో మెకానిక్. కిటికీ దగ్గర అతని పదేళ్ల కూతురు నిద్రపోతోంది. పాప లేచాక పెట్టమని నేను బిస్కెట్లు ఇవ్వబోతే వద్దన్నాడు.

"పేగుల్లో పుండ్లు సార్. కొన్ని వారాలు డబ్బా పొడి కలిపిన పాలు తప్ప ఇంకేం తినగూడదన్నాడు డాక్టరు. అదే మందంట."

పాప నిద్రలోనే ఉందని చూసి గొంతు తగ్గించాడు.

"నొప్పి తగ్గింది సార్. రంజాన్ పండగ నాడు మేమంతా బిర్యానీ తింటాంటే నా మనసు ఆగలే. వాళ్లమ్మకు తెలీకుండా నేనే పెట్టినా. ఆ పొద్దు నుంచి రోజూ రెండు ముద్దలు. మళ్లీ నొప్పి మొదలాయె. డాక్టరు గట్టిగా అడిగితే, తనే దొంగతనంగా తిన్నానని చెప్పింది పాప. వాళ్లమ్మ అక్కడే కొట్టింది. నేను పక్కనే ఉండి నోరు తెరవలే."

ఇదంతా నా వైపు చూడకుండానే చెప్పాడు. బిస్కెట్లు సంచిలో పెట్టేశాను.

రియాద్ దగ్గర పడుతుండగా పాప లేచి, ముక్కు మూసుకుని సీసాలోని పాలు తాగేసింది. అతను పాప మూతి తుడిచి, "ఈ పొద్దు డాక్టరుకు నిజం చెప్తాలేమ్మా" అన్నాడు.

"వద్దు నాయనా. నన్నయితే చిన్నపిల్లనని తిట్టి ఊరుకుంటారు. నిన్ను తిడితే నేను చూడలేను."

బస్సు ఆగి అందరూ దిగుతున్నా అతను లేవలేదు. చివరికి పాపే చెయ్యి పట్టుకుని లేపింది. దిగేముందు నా వైపు తిరిగాడు.

"చెప్తా సార్. లేకుంటే ఇంకోసారి కూడా నా బదులు పాపే దెబ్బలు తింటాది."