మే నెలలో కొలిచిన దారి

ఆ రోజుల్లో మా అత్తిలిలో ఎవరైనా నడుస్తున్నారంటే బస్సు రాలేదని అర్థం. అంతకు మించి నడకకి ఇంకో ప్రయోజనం ఉందని ఎవరూ అనుకునేవారు కారు. పొలానికి గట్టు మీద నడిచేవాళ్ళం, బడికి కాలువ గట్టు మీద నడిచేవాళ్ళం, సైకిలు పంక్చరైతే దాన్ని కూడా వెంటబెట్టుకుని నడిచేవాళ్ళం. ఊరికే నడవడానికి ఒక దారి, ఆ దారికో పేరు, నడిచేవాళ్ళందరికీ ఒకే రంగు టోపీలు ఉంటాయని నాకు ఇరవై మూడో ఏట ఏలూరులో ఉద్యోగంలో చేరాకే తెలిసింది. తెలిసిన ఆరు నెలలకే పద్నాలుగు మంది పెద్దమనుషుల్ని అలాంటి దారిలో తీసుకెళ్ళి తెల్లముఖం వేసుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళయినా ఎవరైనా నడక మాటెత్తితే నా చెవులు వేడెక్కుతాయి.

ఉద్యోగం పెద్దదేమీ కాదు. బస్సు టికెట్లు, తీర్థయాత్రలు, తీరిక దొరికితే జెరాక్సులు చేసే చిన్న ట్రావెల్స్ ఆఫీసు. దాని యజమానురాలిని మేమంతా మేడంగారు అనేవాళ్ళం. ఆవిడ బెంగళూరులో అక్కగారింటికి వెళ్ళి, అక్కడ జనం ఆదివారం పూట చేతికర్రలు పట్టుకుని కొండల చుట్టూ తిరగడం చూసి వచ్చారు. వచ్చిన మర్నాడే నన్ను పిలిచి, "ఏమయ్యా, మనకేం తక్కువ? కొల్లేరుంది, చెరువు గట్లున్నాయి, పక్షులున్నాయి. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేలా ఒక నడకదారి చూడు. గ్రీన్‌వే అంటారట" అన్నారు. "మనకి కొండల్లేవు కదండీ" అన్నాను. "ఎక్కలేనివాళ్ళకి అంతకన్నా ఏం కావాలయ్యా!" అన్నారు. అప్పటికి నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. నడక బాగా జరిగితే ఉద్యోగం పర్మనెంటు. జరగకపోతే తాడేపల్లిగూడెంలో మావయ్య రైసుమిల్లు. మావయ్య చాలా మంచివాడు, అదే నా భయం. ప్రతి ఆదివారం ఫోను చేసి, "ఒరే అబ్బాయ్, ఊళ్ళు తిరిగింది చాలు గానీ ఎప్పుడొస్తున్నావ్? కాటా దగ్గర కుర్చీ నీ కోసం అట్టే పెట్టాను" అనేవాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ లేవడని అప్పటికే మిల్లులో ఉన్న మా పెద్దబావని చూస్తే తెలిసిపోయేది. పైగా నాన్న అప్పటికే అత్తిలి అంతా నేను టూరిజం ఆఫీసరునని చెప్పేశాడు. (ఖండించాలని నాకూ అనిపించలేదు.)

అందుకని మే నెలలో ఒక రోజు పొద్దున్నే టోపీ పెట్టుకుని, పుస్తకం, పెన్ను, రెండు నీళ్ళ సీసాలతో కొల్లేరుకి బయల్దేరాను. ఒక లంక ఊళ్ళో బస్సు దిగి చేపల చెరువుల గట్లు పట్టుకుని నడిచాను. గట్టు దిగగానే ఎదురుగా పెద్ద మైదానం. కనుచూపు మేర పచ్చిక, మధ్యలో గేదెలు, అవతల ఇంకో లంక ఊరి పెంకుటిళ్ళు. ప్రాణం లేచొచ్చింది. అడుగులు లెక్కపెట్టుకుంటూ మైదానం దాటాను. గేదెలు కాస్తున్న ముసలాయన్ని, "తాతగారూ, ఈ దారిన అవతలి ఊరికి వెళ్ళొచ్చాండీ?" అని అడిగాను. ఆయన నన్నూ నా టోపీనీ కాసేపు చూసి, "ఇప్పుడైతే ఎల్లొచ్చండి" అన్నాడు. నేను పుస్తకంలో ‘వెళ్ళొచ్చు’ అని రాసుకున్నాను. మిగిలిన మాట రాసుకోలేదు. మా అత్తిలి వైపు వేసవిలో కాలువలు కట్టేస్తారు, తొలకరికి వదులుతారు. నీరు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో పుట్టిన దగ్గర్నుంచీ చూసినవాణ్ణే. కానీ మా నీళ్ళు బుద్ధిగా రెండు గట్ల మధ్య ఉంటాయి. కొల్లేరుకి కూడా ఎక్కడో ఒక అంచు ఉంటుందని, నేను ఆ అంచుకి ఇవతలే నడుస్తున్నానని అనుకున్నాను. ఆఫీసుకొచ్చి తెల్లకాగితం మీద పెన్నుతో ఒకే గీత గీసి, గీత మధ్యలో ‘విశాలమైన పచ్చిక మైదానం, ఆటలాడుకోవచ్చు’ అని రాశాను.

ఎండలు తగ్గాక నడక పెట్టుకుందామన్నారు మేడంగారు. వానలు తగ్గేసరికి కార్తీకమాసం వచ్చింది. వచ్చింది కాబట్టి నడకతో పాటు వనభోజనాలు కూడా కలిపేద్దామన్నారు. కరపత్రాలు అచ్చువేయించాం. వట్లూరు నుంచి ఒక రిటైరైన లెక్కల మాస్టారు, ఆర్.ఆర్. పేట నుంచి పంతులుగారు, ఆఫీసుల్లో పనిచేసే దంపతులు, కొల్లేరు అనగానే కొర్రమీను పులుసు గుర్తొచ్చి, కార్తీకం సంగతి మర్చిపోయి పేరిచ్చిన ఒక బ్యాంకాయన, మొత్తం పద్నాలుగు మంది తేలారు. పంతులుగారు ముందే ఒక మాట అన్నారు. "ఉసిరిచెట్టు నీడ లేందే వనభోజనం ఏమిటి నాయనా? నీ మైదానంలో ఉసిరిచెట్టు ఉందా?" ఆ మైదానంలో గేదెలు తప్ప నిలువుగా ఉన్నదేదీ నాకు గుర్తు రాలేదు. మేడంగారు నర్సరీ నుంచి కుండీలో ఉసిరిమొక్క తెప్పించారు. మొక్క మోకాలెత్తు ఉంది, కుండీ మాత్రం సిమెంటుది. దాన్ని ఎవరు మోయాలన్న చర్చే రాలేదు.

ఆదివారం పొద్దున మంచు విడవకముందే లంక ఊళ్ళో దిగాం. పులిహోర, పప్పు, గుమ్మడికాయ పులుసు వంటాయన ఆటోలో రోడ్డు చుట్టూ తిప్పి అవతలి లంకకి తెస్తాడు. మేం మైదానం దాటి వెళ్ళి అందుకుంటాం. ఇదీ నా ప్లాను. గట్ల మీద నడక నిజంగానే బాగుంది. రెండు పక్కలా చెరువుల్లో ఆకాశం, గూడబాతులు బరువుగా దిగుతున్న చప్పుడు, మేత చల్లుతున్న మనుషులు ఆగి చేసే పలకరింపులు. నెత్తిమీద తలపాగా, దాని మీద కుండీ పెట్టుకుని నేను ముందు నడుస్తున్నాను. మాస్టారు చేతి గడియారంలో అడుగులు చూసుకుంటూ, "మీ లెక్క సరిగ్గానే ఉందండోయ్" అని మెచ్చుకున్నారు. మేడంగారు కూడా ఒకసారి నా వైపు చూసి తలూపారు. మావయ్య కుర్చీ దూరంగా జరిగిపోతున్నట్టే అనిపించింది. "ఇంకో రెండు నిమిషాల్లో మైదానమండీ! పెద్దవాళ్ళు కూర్చోవచ్చు, ఓపికున్నవాళ్ళు ఆడుకోవచ్చు" అని గట్టు మలుపు తిరిగాను.

మైదానం ఉండాల్సిన చోట కొల్లేరు ఉంది. అవతలి ఊరి పెంకుటిళ్ళు అక్కడే ఉన్నాయి, మధ్యలో గేదెలకి బదులు నీటికోళ్ళు ఉన్నాయి. నెత్తిమీది కుండీ దించి గట్టు మీద పెట్టాను. అందరూ వచ్చి నా వెనక వరసగా ఆగారు. మాస్టారు జేబులోంచి కరపత్రం తీసి, కళ్ళజోడు సవరించుకుని, "ఆటలాడుకోవచ్చు అని రాశారు బాబూ. ఏ ఆటండీ?" అన్నారు. మేడంగారు నెమ్మదిగా, "నువ్వీ దారి ఎప్పుడు చూశావు?" అని అడిగారు. "మే నెలలోనండి." "చూసి?" "కొలిచానండి." "మళ్ళీ రాలేదా?" "ఒకసారి కొలిచాం కదాని అండీ..." పంతులుగారు జాలిగా, "కొలతలో తప్పు లేదులే నాయనా" అన్నారు. అంతలో వంటాయన ఫోను. "బాబుగారూ, వచ్చేశానండి. ఆటో గిన్నెలు దింపేసి వెళ్ళిపోయిందండి. మీరెక్కడండీ?" "మీకు ఎదురుగానే ఉన్నామండీ." "ఎదురుగా నీళ్ళున్నాయండీ." "ఆ నీళ్ళకి ఇవతలండీ." పద్నాలుగు మందీ పొద్దుట్నుంచీ కాఫీ మీద ఉన్నారు, అందులో ఇద్దరు ఆ కాఫీ కూడా తాగలేదు. ఇక మిల్లే గతి అనుకున్నాను.

గట్టు పక్కన చెరువు కాపలా పాక ఉంది. అందులోంచి యాభై ఏళ్ళావిడ ఒకరు వల భుజాన వేసుకుని బయటికొచ్చి, మా టోపీలన్నీ తేరిపార చూసి, "ఎవరికోసమండీ?" అన్నారు. (ఆవిడని ఆ తర్వాత మేమంతా పాక పిన్నిగారు అన్నాం, ఇక్కడా అదే అంటాను.) "ఇక్కడ మైదానం ఉండాలండీ" అన్నాను నేను, తప్పిపోయిన ఆవుని వెతుక్కుంటున్నట్టు. "మైదానమాండీ? ఎక్కడికీ పోలేదండి, కిందే ఉంది. ఎండలు ముదిరితే పైకొస్తాదండి" అన్నారావిడ. నవ్వకుండా ఉండడానికి ఆవిడ పడ్డ కష్టం నాకు తెలుస్తూనే ఉంది. మా వాళ్ళు మాత్రం ఆ కష్టం పడలేదు. నవ్వంతా అయ్యాక పిన్నిగారు సంగతి కనుక్కుని, "ఆకలితో అలా నించుంటారేంటండీ? పాక ముందు చాపలేస్తాను, కూర్చోండి. మా తమ్ముడు దోనె ఏసుకెల్లి మీ గిన్నెలు తెస్తాడు. ఈలోపు నాలుగు శేర్ల బియ్యం పడేస్తానండి" అన్నారు.

ఇక్కడే నేను ఆ రోజు రెండో ఘనకార్యం చేశాను. మొదటిదానికి నవ్వుకుంటాను, దీనికి మాత్రం ఇప్పటికీ నవ్వలేను. ఆవిడని పక్కకి పిలిచి, చాలా మర్యాదగా అనుకుంటూ గొంతు తగ్గించి, "పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. వీళ్ళంతా కార్తీకం చేస్తున్నవాళ్ళు. మరి మీ గిన్నెలు... చేపలవీ..." అని నసిగాను. ఆవిడ నా ముఖంలోకి చూశారు. "అదేంటి బాబూ, మాకు లేదాండీ కార్తీకం? ఈ నెల్లాళ్ళూ మా పొయ్యి మీదకి చేప ఎక్కదండి. పట్టేది పడతాం, లారీకెత్తేది ఎత్తుతాం, తినడం మటుకు నెల గడిచాకే" అన్నారు. గొంతులో కోపం ఏమీ లేదు. అది ఉన్నా బాగుండేది. బ్యాంకాయన ఆ మాట చాటునుంచి విని ముఖం వేలాడేశారు. నేను దోనెలో కూర్చుని నీళ్ళలోకి చూస్తూ అవతలికి వెళ్ళాను. ఈత రాదన్న భయం కూడా ఆ సిగ్గులో గుర్తు రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే పాక ముందు మేడంగారు, పిన్నిగారు ఒకే చాప మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మేడంగారు చేత్తో నా వైపే చూపించారు. నా సంగతి తేల్చేస్తున్నారనుకున్నాను.

రెండు తడవలుగా గిన్నెలన్నీ ఇవతలికి చేరాయి. మూతలు తాళ్ళతో కట్టాం కాబట్టి పులుసు కొంత కొల్లేరుకి పోయినా చాలావరకు దక్కింది. నేను దిగేసరికి పాక ముందు రంగే మారిపోయింది. నా కుండీ గట్టు మీద ఎత్తైన చోట పెట్టి, చుట్టూ పేడతో అలికి, ముగ్గు వేశారు. పక్క పాకల్లోంచి ఆడవాళ్ళు పసుపు, కుంకుమ తెచ్చి నిలబడ్డారు. "ఈ లంకల్లో ఉసిరిచెట్టు లేదండి, ఏటా కొమ్మ తెచ్చుకుని చేసుకుంటాం. ఏర్లతో పాటు మొక్క మా గట్టుకి రావడం ఇదేనండి" అన్నారు పిన్నిగారు. పంతులుగారికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చి, ఊళ్ళో అయితే పావుగంటలో ముగించే పూజని ముప్పావుగంట చేశారు. అందరి గోత్రాలూ అడిగారు, చేపల చెరువుల క్షేమం కూడా కోరారు. ఆ మొక్క నీడ ఒక విస్తరికి సరిపోయేంతే. అయినా దాని చుట్టూ ఏలూరు వాళ్ళూ లంక వాళ్ళూ కలిసి ముప్ఫై మందిదాకా కూర్చున్నాం. మా పులిహోర, వాళ్ళ వేడన్నం, కందిపప్పు, దోసకాయ పచ్చడి. అంత రుచైన భోజనం నేను మళ్ళీ తినలేదు. తింటూ ఉండగా మాస్టారు, "ఈ దారే బాగుంది బాబూ. మైదానం ఉంటే దాటి వెళ్ళిపోయేవాళ్ళం" అన్నారు. మేడంగారు మాత్రం నా వైపు రాకుండా పిన్నిగారి పక్కనే భోంచేశారు. సాయంత్రం బస్సులో కూడా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్తూ మావయ్యకి ఏం చెప్పాలో మాటలు కూడబెట్టుకున్నాను. మేడంగారు ఒక కవరు చేతికిచ్చారు. తీస్తే పర్మనెంటు ఆర్డరు. కళ్ళనీళ్ళు వచ్చాయి. "నా మీద ఇంత నమ్మకం ఉంచినందుకు..." అని మొదలుపెట్టాను. "ఆగవయ్యా" అన్నారు మేడంగారు. "ఉద్యోగం ముందు ఆ పాక ఆవిడకే ఇస్తానన్నాను. ఏ నెలలో నీళ్ళెక్కడికొస్తాయో, ఏ గట్టు జారుతుందో అన్నీ తెలిసిన మనిషి. కానీ ఒప్పుకోలేదు. ‘నాకు చెరువుంది కదండీ. ఆ బాబుకి ఇదొక్కటేనంటున్నారు. పొద్దుట్నుంచీ నెత్తిన కుండీ మోసుకొచ్చాడు పాపం, ఉంచేయండి’ అంది. అందుకని ఉంచేశాను." దోనె ఎక్కబోయే ముందు ఆవిడ చెవిలో నేను నసిగిన మాట గుర్తొచ్చి, చాలాసేపు తల ఎత్తలేకపోయాను.

ఆ సాయంత్రం నాన్న అత్తిలిలో మిఠాయి పంచాడు. టూరిజం ఆఫీసరుకి ప్రమోషనని చెప్పాడట. ఆ ఉద్యోగం మొదట ఎవరికి ఇవ్వజూపారో, ఎవరి దయతో నా చేతికొచ్చిందో ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు మీకే చెబుతున్నాను. నాలుగైదు రోజులకి లంకకి వెళ్ళి క్షమాపణ చెప్పబోతే, పిన్నిగారు "ఏ మాటండీ?" అన్నారు. మర్చిపోయారో, మర్చిపోయినట్టు ఊరుకున్నారో తెలియలేదు. ఇప్పటికీ నా పని దారులు చూడడమే. ప్రతి దారికీ మేలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి వెళ్తాను, దారిలో కనబడ్డ ప్రతి మనిషినీ ఆపి అడుగుతాను, పటం పెన్సిలుతోనే గీస్తాను, పక్కన రబ్బరు పెట్టుకుంటాను. ఇన్నేళ్ళలో ఎవరినీ నీళ్ళ ముందు నిలబెట్టలేదు. అయినా అప్పుడప్పుడూ ఆ ఇరవై మూడేళ్ళవాడు గుర్తొస్తాడు. కొల్లేరు మీద పెన్నుతో ఒకే ఊపున గీత గీసేసి, ఆటలాడుకోవచ్చు అని కూడా రాసినవాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, అంత ధీమాగా నేను గీత గీసి ఎన్నాళ్ళయిందో అనిపిస్తుంది.